ముంత మొక్కల లగ్గం

ఆలేరు,
12-6-1965

చిరంజీవి గుర్వయ్యకు,

మీ బావ ఎల్లస్వామి ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ అక్క సత్తమ్మ, స్టేషన్లో గుట్టలుగా పడి ఉన్న ఎరువు బస్తాలు అందరం క్షేమం. నువ్వు, పిల్లలు, గొర్రెలు క్షేమమని తలుస్తాను.

నీ కార్డు అందింది. "బావా, నీ ముంత మొక్కలు రెండింటికీ పూలకంకులు వేసినయి" అని నువ్వు రాసిన ఒక్క వాక్యం చదివి గూడ్సు ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అప్పుడే లోపలికి వచ్చిన మా పైఅధికారి తనకోసమే లేచాననుకుని "కూర్చోండి, పర్వాలేదు" అన్నాడు. ఆయన సర్వీసులో ఆయనకు దక్కిన మొదటి మర్యాద అదే అయ్యుంటుంది.

ఆరేళ్లు, గుర్వయ్యా! అస్సాం కొండల నుంచి ఒక మొక్క, సింహళం నుంచి ఒక మొక్క కలకత్తా నర్సరీ ద్వారా తెప్పించాను. ఆకు చివర వేలాడే ఆ ముంతల్లో ఈగలూ చీమలూ జారిపడి కరిగిపోతుంటే చూసుకుంటూ ఆరేళ్లు గడిపాను. అస్సాంది పూసినా సింహళంది ఇంతవరకు ఒక్కసారీ పూయలేదు. ఆలేరు ఎండకు మాడిపోతున్నాయని రెండేళ్ల కింద నీ మోటబావి లోపలి అరుగు మీద పెట్టించాను. ఆ చల్లదనానికి ఇప్పుడు రెండూ కలిసి పూయబోతున్నాయి. వీటిలో ఆడ వేరు, మగ వేరు. అస్సాంది మగది, సింహళంది ఆడదని నర్సరీవాడు ఒట్టేసి అమ్మాడు. మగదాని పుప్పొడి కుంచెతో తీసి ఆడదాని పువ్వుకు అంటించాలి. గింజ పడితే మన జిల్లాలో ఎవరూ కలలో కూడా చూడని సంకరజాతి మొక్క నా చేతుల మీద పుడుతుంది. నాకు సెలవు దొరకదు కాబట్టి పని నీదే. బావి నీళ్లు మాత్రం పోయకు. ఆ ఉప్పునీళ్లకు చస్తాయి. నిరుడు కుండల్లో పట్టిన వాన నీళ్లే పొయ్యి.

ఈసారి తప్పితే నాకు మళ్లీ అవకాశం లేదు. మీ అక్క గడువు పెట్టింది. "గీసారి గింజ పడకపోతే గా కుండీలు తెచ్చి పెంటకుప్ప మీద పారేస్త. ఈగలకు బెల్లం పెట్టి సాదే మొగుడు నాకే దొరికిండు" అంది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకునేదాకా అన్నం పెట్టలేదు.

ఇట్లు,
మీ బావ ఎల్లస్వామి

తా.క. ఇంట్లో కవర్లు అయిపోయాయి. అందుకే మూడు కార్డుల మీద రాసి నంబర్లు వేశాను. మీ పోస్టుమ్యాన్ బీరన్న పెద్దమనిషి, చదవడని నమ్మకం.

ఇంకో తా.క. నిరుడు ఒక ముంతలో బీడీ ముక్క కనబడింది. ఆ మొక్క మాంసం తింటుంది, బీడీ తాగదు.


రామన్నపేట పోస్టు,
24-6-1965

బావకు గుర్వయ్య దండాలు.

మీరిద్దరూ క్షేమమని నాకంటే ముందు ఊరందరికీ తెలిసింది. బీరన్న నీ కార్డులు హోటల్ దగ్గర గట్టిగా చదివాడు. మూడోది ముందు చదివాడట, కాబట్టి సగం ఊరు నీకు అన్నం పెట్టడం లేదని బాధపడుతోంది. మిగతా సగానికి రెండో కార్డు చేరింది. వాళ్లకు నీ మొక్కల్లో ఎవరు ఆడో ఎవరు మగో తెలిసిపోయింది.

ఇక్కడ వాన జాడ లేదు. మృగశిర కార్తె వట్టిగా పోయింది. కప్పతల్లిని ఇల్లిల్లూ తిప్పి బిందెల కొద్దీ నీళ్లు పోశారు. ఆ నీళ్లు గొర్రెలకు పోసినా బాగుండేది. తమ్ముడు మందను మూసీ దిక్కు తోలుకుపోయాడు. బావిలో నీళ్లు అడుగంటితే నీ కుండీలకు తాడు కట్టి ఇంకో అరుగు కిందికి దించాను. కుండల్లో వాన నీళ్లు కూడా చివరికి వచ్చాయి.

నిన్న పెద్దలు కూర్చున్నారు. వాన కోసం వేపకూ రావికీ పెళ్లి చేద్దామన్నారు. తీరా వెతికితే ఊళ్లో ఉన్న వేపలకూ రావులకూ అన్నిటికీ మా తాతల కాలంలోనే పెళ్లిళ్లయిపోయాయి. పెళ్లి కావలసిన చెట్టు ఒక్కటీ మిగల్లేదు. తుమ్మకు పిల్లనెవరిస్తారు? అప్పుడు బీరన్న లేచి "గుర్వయ్య బావిల ఒక జంట ఉన్నది గద" అన్నాడు. ఐలేశం పెద్దాయన నెత్తి మీద రుమాలు తీసి, "రెండేండ్ల సంది ఒక్క బావిల ఉంటున్నరు, లగ్గం లేదు ఏం లేదు. ఇగ వాన యాడికెల్లి పడ్తది?" అన్నాడు. అందరూ నా దిక్కు చూశారు, ఆ పిల్లను లేవదీసుకొచ్చింది నేనే అన్నట్టు.

నీ మాట అడగకుండా ఏమీ చేయబోమన్నారు. వాళ్లది ఏ కులమో, పెళ్లికి నీ తరఫున ఏమేమి కావాలో రాయమన్నారు.

నీ బామ్మర్ది,
గుర్వయ్య

తా.క. ఆ బీడీ ముక్క నాది కాదు. నేను చుట్ట తాగుతాను.


ఆలేరు,
29-6-1965

చిరంజీవి గుర్వయ్యకు,

ఆశీస్సులు. మీ పెద్దల తెలివికి ఇక్కడి నుంచే నమస్కారం.

ఈగలు, చీమలు, దొరికితే బొద్దింకలు తినేవాళ్లది ఏ కులమో నాకెలా తెలుస్తుంది? ఐలేశం పెద్దాయననే తేల్చమను. పెళ్లి తప్పకుండా చేయండి. నన్ను అడగడమెందుకు? ఒగ్గు డోలు పెట్టించండి, యాటను కోయండి, ఊరేగింపు తీయండి. మగపెళ్లివాళ్లం కదా, మాకు బట్టలు కూడా పెట్టండి. నాకు ఒక ధోతి, మీ అక్కకు అంచు చీర. వధువు లంక నుంచి వచ్చింది కాబట్టి లంకలో ఉన్న వాళ్ల చుట్టాలకు ఒక కార్డు పడేయండి, సముద్రం దాటి వచ్చి బువ్వ తిని పోతారు. వానలు అట్లా పడాలి మరి! ఇంజనీర్లు నదుల మీద డ్యాములెందుకు కడుతున్నారో, ఐలేశం పెద్దాయనను పిలిస్తే సరిపోయేది.

కుంచె సంగతి మరిచిపోకు.

ఇట్లు,
ఎల్లస్వామి

తా.క. ఈసారి కవరులో పెట్టి అంటించాను. బీరన్నకు నా సానుభూతి.


రామన్నపేట పోస్టు,
6-7-1965

బావకు గుర్వయ్య దండాలు, ఐలేశం పెద్దాయన దండాలు, ఊరందరి దండాలు.

నీ కవరు పెద్దల ముందే చింపి చదివాను. బీరన్న చదివితే అక్షరాలు మింగుతాడు. నువ్వు ఇంత కలిసివచ్చే మనిషివని నాకు ఇన్నేళ్లూ తెలియలేదు. "రైల్వే నౌకరి చేస్తడు, గీ మాటలు వింటడో వినడో అనుకున్న. అన్నీ ఆయననే చెప్పిండు పాపం" అని ఐలేశం పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

నీ కోరికలన్నీ ఒప్పుకున్నారు. ధోతి వచ్చింది, కొంచెం పొట్టి. అంచు చీర వచ్చింది. ఒగ్గుకథ చెప్పే పెద్దులు డోలుకు కొత్త తోలు వేయిస్తున్నాడు. కులం కూడా తేలింది. "మాంసం తింటరు, కొండల మీద పుట్టిన్రు, ఎండకు ఓర్వరు గని సలికి ఓరుస్తరు. మన గొల్లకురుమలే" అన్నారు. లంక పిల్ల అంటే ఇద్దరు ముగ్గురు భయపడ్డారు గానీ, బావిలోకి దిగి చూసొచ్చి పిల్ల చల్లగా ఉందన్నారు. ఆషాఢంలో పెళ్లేమిటని నేను అడిగాను. "చెట్లకు ఆషాఢం లేదు, గొర్లకు ఆగే టైము లేదు" అన్నాడు పెద్దాయన. వచ్చే ఆదివారం లగ్గం.

లంక చుట్టాల అడ్రసు ఎవరి దగ్గరా లేదు. కాబట్టి ఆడపెళ్లివాళ్లం మేమే అయ్యాం. ఇకనుంచి నువ్వు నాకు బావవే కాదు, వియ్యంకుడివి కూడా. జర మర్యాదగా రాయి.

నీ వియ్యంకుడు,
గుర్వయ్య

తా.క. పిల్లకు ముంతలు నిండుగా ఉన్నాయి. పిల్లవాడికి రెండే ఉన్నాయి, చూసినవాళ్లు బక్కగా ఉన్నాడంటున్నారు. అందుకని రోజూ యాట కార్జం ముక్క ఒకటి వేస్తున్నాను. వద్దనడం లేదు.


ఆలేరు,
10-7-1965

గుర్వయ్యకు,

ఆశీస్సులూ గీశీస్సులూ తర్వాత. ఇది పోస్టుకు నమ్మకుండా మీ అక్క చేతికిచ్చి బస్సు ఎక్కిస్తున్నాను. ఆమె దిగగానే చదువు, చదవగానే ఆ పెళ్లి ఆపు.

నేను రాసింది వెక్కిరింపు. ధోతి వెక్కిరింపు, యాట వెక్కిరింపు, లంక చుట్టాలు వెక్కిరింపు. లోకంలో ఎవరైనా నిజంగా లంకకు కార్డు రాయమంటారా? ఆ కార్జం ముక్కలకు ముంతలు కుళ్లిపోతాయి, వెంటనే తీసెయ్. ఆ కంకులకు పసుపు తగిలినా కుంకుమ తగిలినా పుప్పొడి పాడవుతుంది. ఆ తర్వాత ఎన్ని కుంచెలు తెచ్చినా లాభం లేదు.

నీకు తెలుసు, నాకూ మీ అక్కకూ పిల్లలు లేరు. ఆమెను నలుగురూ అడుగుతారు, ఆమె ఎవరికీ జవాబు చెప్పదు. నన్ను ఎవరూ అడగరు, అదొక సుఖం. కానీ నాకూ బాధే. ఏదో ఒకటి నా చేతుల మీద మొలవాలి అని నాకుంటుంది. అది నవ్వులాట కాదు. ఆ గింజ కోసం ఆరేళ్లు ఆగాను. నువ్వు నా మీద ఎంత నవ్వుకున్నా సరే, ఆ కంకుల జోలికి ఎవర్నీ రానీయకు.

కుంచె, పుప్పొడి పట్టే కాగితం మీ అక్క పెట్టెలో పెట్టాను. పువ్వు విచ్చగానే ఆమే అంటిస్తుంది. ఎలా అంటించాలో చెప్పాను. బుద్ధిగా విన్నది.

మీ బావ,
ఎల్లస్వామి

తా.క. పెళ్లి ఆపడానికి పోతున్న మనిషి కొత్త చీర ఎందుకు కట్టిందని అడిగాను. పుట్టింటికి పాత చీరతో పోతారా అంది. నిజమే.


రామన్నపేట పోస్టు,
20-7-1965

బావకు, వియ్యంకుడికి, వరుని తండ్రికి గుర్వయ్య దండాలు.

వాన పడింది, బావా!

నీ ఉత్తరం అందింది, కానీ నువ్వు అనుకున్నప్పుడు కాదు. అక్క బస్సు దిగి, కవరు నా చేతిలో పెట్టి, "ఇది ఎనుకసిరి చదువు. ముందు పందిరి యాడ ఏసిన్రో చూపియ్యి" అంది. పెట్టె తెరిస్తే పసుపు, కుంకుమ, తెల్ల బట్ట, వేలెడంత బాసింగాలు రెండు ఉన్నాయి. రాత్రంతా కూర్చుని చేసిందట, నువ్వు గురక పెడుతుంటే. నేను ఎదురు చెప్పలేదు. అక్కకు ఎదురు చెప్పే మగవాడు మా ఇంట్లో పుట్టలేదు, మీ ఇంట్లోనూ లేడు.

ఎద్దులను కట్టి మోట బొక్కెనలో పిల్లను పైకి తెచ్చాం. పిల్లవాణ్ణి అక్కే ఒళ్లో పెట్టుకుంది. ఒగ్గు పెద్దులు డోలు కొట్టి మీ వంశం పాడాడు. తెలియని చోట రైలు స్టేషన్ల పేర్లు కలిపాడు, బాగా కుదిరింది. పసుపు రాశారు. తలంబ్రాలు పోశారు, సగం ముంతల్లోనే పడ్డాయి. ముంత కనబడితే మనవాళ్ల సంగతి తెలుసు కదా, ఎవరో కల్లు కూడా పోశారు. పిల్లవాడు తట్టుకున్నాడు. పిల్ల ఒక ముంత వాల్చేసింది.

బువ్వ సగంలో ఉండగా మబ్బు కమ్మింది. విస్తళ్లు కొట్టుకుపోయాయి, ఎవరూ లేవలేదు. ఐలేశం పెద్దాయన వానలో నిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు. బావి నిండింది. మంద వెనక్కి వచ్చింది. నీ మొక్కలకు కుండలన్నీ వాన నీళ్లతో నింపి పెట్టాను.

నీ ఉత్తరం మరునాడు పొద్దున చదివాను. నీ బాధ అర్థమైంది. కానీ అప్పటికే బాసింగాలకు అడ్డమొస్తున్నాయని పూలకంకులు రెండూ కోసేశారు. దేవుని ముందు పెట్టి, ఆరబెట్టి, ఈ కవరులో ప్రసాదంగా పంపుతున్నాను. దిగులు పడకు, లంక పిల్లకు పక్క నుంచి ఇంకో కంకి లేస్తోంది. శుభమన్నారు.

నీ వియ్యంకుడు,
గుర్వయ్య

తా.క. కుంచె వృథా కాలేదు. అక్క దాంతో పిల్లకు కాటుక పెట్టింది.


ఆలేరు,
31-7-1965

గుర్వయ్యకు,

బావి నిండినందుకు, మంద తిరిగి వచ్చినందుకు సంతోషం. ఇది వెక్కిరింపు కాదు. ఇకనుంచి ఏది వెక్కిరింపో కాదో పక్కన రాస్తాను.

నీ ప్రసాదం వారం కిందటే అందింది. తలుపు వేసుకుని ఆ ఎండిన కంకులు బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మిమ్మల్నందరినీ పేరుపేరునా తిట్టాను, ఒగ్గు పెద్దులును డోలుతో సహా తిట్టాను. తర్వాత భూతద్దం తీసి అస్సాంవాడి పువ్వు చూశాను. నడిమి కాడ మీద పుప్పొడి ఉండ. మగది, సరే. లంక పిల్ల పువ్వు చూశాను. నడిమి కాడ మీద పుప్పొడి ఉండ.

గుర్వయ్యా, రెండూ మగవే.

అద్దం తుడిచి చూశాను, కిటికీ దగ్గరికి పోయి చూశాను. మగదే. ఆడదని ఒట్టేసి అమ్మిన ఆ కలకత్తావాడు ఇప్పుడు నా ముందుంటే కార్జం వాడిది తీసి వేసేవాణ్ణి. ఆరేళ్లుగా నేను ఇద్దరు మగవాళ్ల మధ్య పిల్లల కోసం ఎదురుచూశాను. మీరు పసుపు రాయకపోయినా, నేనే కుంచెతో బావిలో కాపురం పెట్టినా గింజ పడేది కాదు. మిమ్మల్ని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, పెద్దులును తిట్టినవి తప్ప.

ఈ ముక్క ఎవరికీ చెప్పకు. మీ అక్కకు అసలే చెప్పకు. ఆడేదో మగేదో తెలియకుండా ఆరేళ్లు బెల్లం ఖర్చు పెట్టానని తెలిస్తే కుండీలతో పాటు నన్నూ పెంటకుప్ప మీదికి పంపుతుంది.

కానీ దారి ఇంకా మూసుకుపోలేదు. ఆ రోజే స్టేషన్ తంతి మీద మొరపెట్టుకుంటే, అస్సాంలో గార్డుగా ఉన్న మన ఏసోబు పూత మీద ఉన్న ఆడమొక్కను కొండ మీంచి తవ్వి, గార్డుల చేతుల మీదుగా పంపాడు. ఇది నిజంగా ఆడది, నేనే భూతద్దంతో చూశాను. ఇక్కడ వేడికి ఆగదని నేరుగా బస్సు మీద నీకు పంపిస్తున్నాను. దాన్ని చడీచప్పుడు లేకుండా లంకవాడి పక్కన అరుగు మీద పెట్టు. వాడికి లేస్తున్న కొత్త కంకి పూయగానే నేను జీతం నష్టానికైనా సెలవు పెట్టి వస్తాను. ఈసారి కుంచె నా జేబులోనే ఉంటుంది.

మీ బావ,
ఎల్లస్వామి

తా.క. బస్సువాళ్లు విసిరేయకుండా గంప మీద "ఆడ మొక్క, జాగ్రత్త" అని పెద్ద అక్షరాలతో రాశాను.


రామన్నపేట పోస్టు,
9-8-1965

బావకు గుర్వయ్య దండాలు.

పిల్ల క్షేమంగా చేరింది. బస్సు నుంచి గంప దించింది బీరన్నే. దాని మీద నువ్వు రాసిన పెద్ద అక్షరాలు నాకంటే ముందు ఎవరెవరు చదివారో చెప్పనక్కర్లేదు. అయినా నీ మాట ప్రకారం చడీచప్పుడు లేకుండా బావిలోకి దించుతుంటే, పైన అరుగు చుట్టూ ఊరు ఊరంతా వంగి చూస్తోంది.

"కొత్తగ లగ్గమైన జంట నడుమల ఇంకో ఆడిపిల్లనా?" అన్నాడు ఐలేశం పెద్దాయన. పిల్లవాడికి రెండో పెళ్లి చేస్తున్నావని అందరూ నిన్నే అనుమానించారు. కోడలిని చూసుకోవాలని ఇక్కడే ఆగిన అక్క అయితే కొంగు బిగించింది. "సర్కారు నౌకరి చేసేటోడు, ఇంట్ల రెండో లగ్గం చేస్తే నౌకరి పోతదని తెల్వదా ఆయనకు? నా కోడలి మీదికి సవతిని తెస్తడా?" అంది. అప్పుడు నేను నోరు తెరిచి అసలు సంగతి చెప్పి ఉంటే పిల్ల బావిలోనే ఉండేది. కానీ నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు. పెద్దవాడివి, నీ మాట దాటలేదు.

అదే సమయానికి పక్క ఊరి పెద్దలు వచ్చారు. వాళ్లకు ఇంకా వాన లేదు. వాళ్ల రావికి పెళ్లయింది గానీ, నిరుడు గాలివానకు వేపచెట్టు పడిపోయి ఒంటరివాడయ్యాడు. పిల్లనివ్వమని అడిగారు. అక్క మంచి సంబంధమని ఒప్పుకుంది, నీ తరఫున నీళ్లు వదిలి కన్యాదానం చేసింది. బుధవారం లగ్గమైంది. పిల్లను రావి మొదట్లో నాటారు. వట్టి చేతులతో పంపడం బాగుండదని మా మంద ఎరువు రెండు గంపలు సారె పెట్టాం. ఆ ఎండలో, ఆ ఎరువులో పిల్ల నాలుగు రోజులకే వాడిపోయింది. నాకు నిజంగానే బాధేసింది, బావా. నువ్వు కుంచె జేబులో పెట్టుకుని కూర్చున్నావని తెలుసు.

ఇక గింజ సంగతి. కొత్త కంకికి కూడా గింజ పడకపోతే ఎట్లా అని ఇంటికొచ్చిన ఆడవాళ్లలో ఒకామె అన్నది. అక్క చేతిలో చేట కింద పెట్టింది. "పడకపోతే పడదు. నా కోడలిని ఎవ్వలు ఒక్క మాట అనొద్దు. నన్ను అన్నరు, పదిహేనేండ్లు పడ్డ, చాలు. గా మాట నా ఇంట్ల ఇంకొకతె పడొద్దు" అంది. అందరూ లేచి పోయారు. ఆ సాయంత్రం ఆమె బావి అరుగు మీద కూర్చుని, చేత్తో ఆ ముంతలు తుడుస్తూ, నాతో అన్నది: "మీ బావకు రాయి. గడువు గిడువు ఏం లేదు. కుండీలు నేను పారేయ. ఎన్నేండ్లకైనా సరే, ఆయనను జర ఓపిక పట్టమను."

నేను రాస్తున్నాను. ఓపిక పట్టు. ఎంత పట్టాలో నీకు నాకంటే బాగా తెలుసు.

నీ వియ్యంకుడు,
గుర్వయ్య

తా.క. పెళ్లి మరునాడే పక్క ఊళ్లో కూడా వాన దంచింది. పిల్ల పోయినా వానను తెచ్చే పోయిందని మొక్కుతున్నారు. ఇప్పుడు చిట్యాల దిక్కు నుంచి ఇంకో రావి తరఫు పెద్దమనుషులు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఏసోబుకు రాయి, కొండ మీద ఆడపిల్లలు ఉంటే పంపమను. మగపిల్లలు వద్దని మాత్రం గట్టిగా రాయి. మన దగ్గర ఒక వరుడు ఎక్కువే ఉన్నాడు.